జట్టు చర్చతో పాఠం చెప్పడం ఎలా? 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్

"జట్లుగా కూర్చుని చర్చించండి." 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తరవాత వచ్చిన మన పాఠ్యపుస్తకాల్లో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చర్చ ద్వారా నేర్పమనే చెప్పింది. బీఈడీలో అందరం ఇలాంటి పాఠ్య పథకం ఒకటైనా రాసే ఉంటాం. అయినా బడిలో చేరాక ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చాలామందిమి దాటేస్తాం, లేదంటే ఇంటిపనిగా ఇచ్చేస్తాం.

ఎందుకంటే ధైర్యం చేసి జట్లు వేసిన రోజు ఏం జరిగిందో మనకు గుర్తుంది. బెంచీలు జరిపేసరికే పది నిమిషాలు పోయాయి. ప్రతి జట్టులోనూ బాగా చదివే అమ్మాయో అబ్బాయో నోట్‌బుక్ ముందు పెట్టుకుని పాఠంలోంచి పాయింట్లు ఎక్కించారు. ఒకరు ఆ రాసేది చూస్తూ కూర్చున్నారు. మిగతా ఇద్దరూ నిన్నటి మ్యాచ్ గురించి మాట్లాడుకున్నారు. పక్క గది టీచర్ వచ్చి "ఏంటీ గోల?" అని అడిగారు. ఇంతలో గంట కొట్టారు.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఇలాంటి పీరియడ్లు నాకూ చాలా పోయాయి. వాటన్నిటిలో ఉన్న లోపం ఒకటేనని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ జట్టులో ఎవరికీ ఎవరితోనూ పని లేదు. నలుగురి దగ్గరా ఉన్నది ఒకే పుస్తకం, జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. ఇక పక్కవాళ్లను అడగాల్సిన అవసరం ఏముంటుంది? పిల్లలు నిజంగా మాట్లాడుకోవాలంటే ప్రతి ఒక్కరి దగ్గరా మిగతా ముగ్గురికి కావలసింది ఏదో ఒకటి ఉండాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే. భూగర్భ జలాల మీద 8 లేదా 9వ తరగతికి చెప్పే ఒక పీరియడ్‌ను ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వివరిస్తాను.

ముందు పాఠం చూసుకోండి

ప్రతి పాఠానికీ చర్చ పనికిరాదు. అక్షాంశాలు, రేఖాంశాలు అంటే ఏమిటో పిల్లలు చర్చించి కనిపెట్టలేరు. పటం గుర్తించడం, నిర్వచనాలు, కొత్త సూత్రం లాంటివి మనం నేరుగా చెప్పి సాధన చేయించాల్సినవే. ఒకే విషయాన్ని ఇద్దరు తెలివైనవాళ్లు రెండు రకాలుగా చూసే వీలున్నచోట, లేదా పిల్లలకు తమ ఊరి నుంచి, ఇంటి నుంచి తెచ్చి చెప్పగలిగేది ఉన్నచోట చర్చ పెట్టండి. ఒక్కో యూనిట్‌కు ఒకటి చాలు. రోజూ చేద్దామనుకుంటే రెండో వారానికే వదిలేస్తాం.

ప్రశ్న తయారుచేయడం

ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నేను ఒక చర్చకు ప్రశ్న ఆలోచించడానికి ఒక సాయంత్రం కేటాయిస్తాను. ప్రశ్న కుదిరితే తరగతిలో చిన్నచిన్న పొరపాట్లు జరిగినా చర్చ నిలబడుతుంది. ప్రశ్న కుదరకపోతే ఎంత క్రమశిక్షణ ఉన్నా నిలబడదు.

"భూగర్భ జలాలు తగ్గిపోవడానికి కారణాలు చర్చించండి" అన్నామనుకోండి. కారణాలు పుస్తకంలో వరసగా ఉన్నాయి. చదివే పిల్లవాడు చూసి రాస్తాడు, చర్చ అక్కడితో సరి. అదే విషయాన్ని ఒక నిర్ణయంగా మార్చి చూడండి:

"ఒక ఊళ్లో నీళ్లు బాగా లోతుకు పోయాయి. ఈ వేసవిలో కొత్తగా ఒక్క బోరు మాత్రమే వేయడానికి వీలుంది. ముగ్గురు అడుగుతున్నారు. ఎవరికి ఇవ్వాలి? ఎందుకు? మీ నలుగురూ ఒకే మాట మీదికి రావాలి."

ఇప్పుడు పుస్తకం తెరిచినా జవాబు దొరకదు. అయితే ఆ పుస్తకంలో ఉన్నది తెలియకుండా సరైన నిర్ణయానికి రావడం కూడా కుదరదు. మంచి ప్రశ్నకు ఈ రెండు గుణాలూ ఉండాలి. మూడోది కూడా ఒకటుంది: చివర్లో "ఇదీ మా నిర్ణయం" అని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "గురించి చర్చించండి" అని ముగిసే ప్రశ్నకు అంతం ఉండదు కాబట్టి పిల్లలకు ఎక్కడ ఆగాలో తెలియదు.

వేరే సబ్జెక్టుల వాళ్లకు రెండు ఉదాహరణలు. లెక్కల్లో: ఒక షాపులో 20 శాతం తగ్గింపు ఇచ్చి, ఆ తగ్గిన ధర మీద మళ్లీ 20 శాతం తగ్గిస్తున్నారు, ఇంకో షాపులో ఒకేసారి 40 శాతం తగ్గిస్తున్నారు. ఎక్కడ కొంటే లాభం? చాలామంది పిల్లలు రెండూ ఒకటే అంటారు. ఒకరిద్దరు లెక్క వేసి మొదటి షాపులో తగ్గేది 36 శాతమేనని చూపిస్తారు, అక్కడ చర్చ వేడెక్కుతుంది. సైన్సులో: గ్లాసు అంచుదాకా నీళ్లు, అందులో తేలుతున్న మంచుముక్క. అది కరిగితే నీళ్లు పొర్లుతాయా? ముందు జట్టుగా ఒక మాటకు రమ్మనండి, తరవాత చేసి చూపించండి. తాము పందెం కాసిన విషయం కాబట్టి గ్లాసు వైపు రెప్ప వేయకుండా చూస్తారు.

చీటీలు: నలుగురికీ నాలుగు వేర్వేరు విషయాలు

బోరు ప్రశ్నను అలాగే బోర్డు మీద రాసి వదిలేయకండి. సమాచారాన్ని నాలుగు చీటీలుగా విడగొట్టి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇవ్వండి.

మొదటి చీటీ: మూడెకరాల బత్తాయి తోట ఉన్న రైతు. (అనంతపురం వైపు అయితే చీనీ తోట అని రాయండి, పిల్లలకు వెంటనే కళ్లకు కడుతుంది.) చెట్లకు ఎనిమిదేళ్లు. ఉన్న బోరు ఎండిపోయింది. ఈ వేసవి నీళ్లు అందకపోతే చెట్లు చస్తాయి, అప్పు మిగులుతుంది.

రెండో చీటీ: ఎకరం పొలం ఉన్న ఒంటరి మహిళ. ఆమెకు ఇంతవరకు బోరే లేదు. పక్క పొలం వాళ్లు నీళ్లిస్తేనే పంట, ఈ ఏడాది వాళ్లు ఇవ్వలేమన్నారు.

మూడో చీటీ: ఊరి చివర 60 ఇళ్ల కొత్త కాలనీ. మంచినీళ్ల ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది. ఆరు నెలల్లో పైపులైను వేస్తామని చెప్పారు.

నాలుగో చీటీ: ఊరి నీళ్ల లెక్క. ఐదేళ్ల కిందట 150 అడుగుల్లో పడిన నీళ్లు ఇప్పుడు 400 అడుగులకు పోయాయి. చెరువు పూడిక తీసి చాలా ఏళ్లయింది. బత్తాయి తోట ఊరి మంచినీళ్ల బోరుకు దగ్గరగా ఉంది.

ఊరు, అంకెలు అన్నీ కల్పితమేనని పిల్లలకు చెప్పండి. నాలుగో చీటీ గమనించండి. అది అందుకున్నవాళ్లు "అసలు ఎవరికీ ఇవ్వకూడదు, ముందు చెరువు పూడిక తీయాలి" అనే వాదన తేగలరు. నేను సాధారణంగా ఈ చీటీని తరగతిలో తక్కువగా మాట్లాడే పిల్లలకు ఇస్తాను. మిగతా ముగ్గురూ వాళ్లవైపు తిరిగి "నీ దాంట్లో ఏముంది?" అని అడగక తప్పదు.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. 1971లో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో నల్లవాళ్ల, తెల్లవాళ్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలను మొదటిసారి ఒకే తరగతుల్లో కూర్చోబెట్టినప్పుడు గొడవలు జరిగాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు తరగతులు చూసి, పిల్లలు ఒకరితో ఒకరు పోటీపడే ఏర్పాటు వల్లే చిచ్చు పెరుగుతోందని గ్రహించారు. పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక ముక్క ఇచ్చి, ఒకరికొకరు చెప్పుకుంటే తప్ప పాఠం పూర్తికాకుండా చేశారు. దీన్నే జిగ్‌సా పద్ధతి అంటారు. వాడల వారీగా వచ్చి వాడల వారీగానే కూర్చునే మన పిల్లలకు ఇది ఎంత అవసరమో ఊరి బడిలో పనిచేసే ప్రతి టీచర్‌కూ తెలుసు.

ఒక ఎ4 కాగితం మీద నాలుగు చీటీలు పడతాయి. 40 మందికి పది కాగితాల జిరాక్స్ చాలు. జిరాక్స్ దొరకని ఊళ్లో ముందురోజు నలుగురు పిల్లల చేత రాయించండి.

జట్లు వేయడం

జట్టుకు నలుగురు. ఐదుగురైనా పర్వాలేదు. ఎనిమిది మందిని వేస్తే ముగ్గురు మాట్లాడి ఐదుగురు చూస్తారు. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒక టీచర్ ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది, కానీ 60 మంది ఉన్న సెక్షన్లు కూడా చూస్తున్నాం. అలాంటి గదిలో ఫిలిప్స్ 66 అనే పద్ధతి పనికొస్తుంది: ఆరుగురేసి పది జట్లు, ఆరు నిమిషాలు, మనిషికి ఒక నిమిషం. చీటీలు లేకుండా ఒక్క చిన్న ప్రశ్నతో నడిపించవచ్చు. మొత్తం 12 మందే ఉన్న బడిలో మూడు జట్లు సరిపోతాయి, అక్కడ సగం కష్టాలు అసలు ఉండవు.

జట్లు ఆ పీరియడ్‌లో వేయకండి. ముందురోజే వేసి, పేర్లు చార్టు మీద రాసి గోడకు అంటించండి. నెలరోజుల పాటు అవే జట్లు ఉంచండి. కొత్త జట్టులో మాట కలవడానికే రెండుసార్లు పడుతుంది.

ఎవరిని ఎవరితో వేయాలి? బాగా చదివేవాళ్లను తలా ఒక జట్టుకు పంచి, వాళ్లకు లీడర్ అని పేరు పెట్టడం మన అలవాటు. నేను ఆ మాటే వాడటం మానేశాను. లీడర్ అనగానే మిగతా ముగ్గురి పని అయిపోయినట్టే. దానికి బదులు నాలుగు పనులు పంచండి: ఒకరు అందరికీ వంతు వచ్చేలా చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు టైమ్ చూస్తారు, ఒకరు "అది ఎలా తెలుసు?" అని అడుగుతారు. ప్రతిసారీ ఈ పనులు మారాలి. జట్టు తరఫున ఎవరు చెప్పాలన్నది మాత్రం ముందే చెప్పకండి. చివర్లో పేర్ల చీటీ తీసి పిలుస్తారని తెలిస్తే నలుగురూ వింటారు.

అమ్మాయిలు, అబ్బాయిలు వేర్వేరు వరసల్లో కూర్చునే తరగతుల్లో ముగ్గురు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని వేయకండి. ఆ పిల్ల నోరు విప్పదు. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలుగా వేయండి. ముందు రెండుమూడుసార్లు వేర్వేరుగా అలవాటు చేసి తరవాత కలిపినా తప్పులేదు.

బెంచీలు జరపవద్దు. ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగితే జట్టు అయినట్టే. డెస్కు బెంచీకి కలిసి ఉంటే ముందువాళ్లు బెంచీ మీద పక్కకు తిరిగి కూర్చోవాలి. ఎండ లేని పూట వేపచెట్టు కిందికి తీసుకెళ్తే ఇంకా మంచిది, గుండ్రంగా కూర్చుంటారు, పక్క తరగతికి గోల కూడా తగ్గుతుంది.

45 నిమిషాలు ఎలా గడవాలి

మొదటి 5 నిమిషాలు ప్రశ్న చెప్పడం, చీటీలు పంచడం. ప్రశ్న బోర్డు మీద పీరియడ్ అంతా కనబడుతూ ఉండాలి. చివరికి ఏం ఇవ్వాలో కూడా దాని కిందే రాయండి: "నిర్ణయం ఒకటి, కారణాలు రెండు, ఒప్పుకోనివాళ్ల మాట ఒకటి."

తరవాత 3 నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. ప్రతి ఒక్కరూ తమ చీటీ చదివి, తమకు తోచింది రఫ్ నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోవాలి. టైమ్ చాలదని చాలామంది తీసేసేది ఈ మూడు నిమిషాలనే. దయచేసి తీసేయకండి. నిదానంగా ఆలోచించే పిల్లలకు దొరికే అవకాశం ఇదొక్కటే. ముందు ఒక్కరుగా ఆలోచించి, తరవాత పక్కవాళ్లతో పంచుకుని, ఆపైన అందరికీ చెప్పే పద్ధతిని 1981లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించారు. ఇన్నేళ్లైనా అది నిలబడటానికి కారణం ఆ మొదటి నిశ్శబ్దమేనని నా నమ్మకం.

తరవాతి 15 నిమిషాలు జట్టు చర్చ. అందులో మొదటి 4 నిమిషాలు మనిషికి ఒక నిమిషం చొప్పున ఎవరి చీటీ వాళ్లు తమ మాటల్లో చెప్పాలి. చీటీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, నోటితోనే చెప్పాలి. ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటించండి, లేకపోతే చురుకైన పిల్లవాడు నాలుగు చీటీలూ లాక్కుని తనే చదివేసుకుంటాడు. మిగతా 11 నిమిషాలు వాదన, నిర్ణయం.

ఆపైన 12 నిమిషాలు జట్లు చెప్పడం, 7 నిమిషాలు టీచర్ చర్చను పాఠంతో ముడివేయడం, చివరి 3 నిమిషాలు ఒక్కొక్కరుగా రాయడం.

వాళ్లు మాట్లాడుకుంటుంటే మనం ఏం చేయాలి

కుర్చీలో కూర్చుని నోట్సులు దిద్దకూడదు. అలాగని మొదటి నిమిషం నుంచే జట్ల మధ్య తిరగకూడదు కూడా. మనం పక్కన నిలబడగానే పిల్లలు మాట ఆపి మనవైపు చూస్తారు. మొదటి రెండు నిమిషాలు బోర్డు దగ్గరే ఉండి, ఏ జట్టు మొదలుపెట్టలేదో చూడండి. దాని దగ్గరికి ముందు వెళ్లండి.

వెళ్లినప్పుడు నిలబడి మాట్లాడకండి. బెంచీ చివర కూర్చోండి. ఒక అర నిమిషం వినండి. వాళ్లు దారిలోనే ఉంటే ఏమీ అనకుండా లేచి వెళ్లిపోండి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. పదేళ్లుగా చెప్పడం అలవాటైన నోరు ఊరుకోదు, తప్పు వినపడగానే సరిదిద్దాలనిపిస్తుంది. ఒకసారి మనం సరిదిద్దామంటే ఇక ఆ జట్టు మనకోసమే ఎదురుచూస్తుంది.

ఏదైనా అనాల్సి వస్తే ప్రశ్నే అడగండి. నేను ఎక్కువగా వాడేవి ఇవి: "నాలుగో చీటీ ఎవరి దగ్గరుంది? విన్నారా?" "వాడన్న దానికి నువ్వేమంటావు?" "ఆ రైతు ఇక్కడే కూర్చుని వింటే ఒప్పుకుంటాడా?" "మరి ఇంకో ఐదేళ్లకు?" అడిగాక ఆగండి. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతులు గమనించి, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవుగా వచ్చాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడారు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నింపాదిగా లెక్కపెట్టుకోండి. మొదట చాలా ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఆగండి.

చేతిలో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ జట్టు ఏ నిర్ణయం వైపు వెళ్తోందో, ఎవరు ఎలాంటి మాట అన్నారో రెండు మూడు పదాల్లో రాసుకోండి. తరవాత ఎవరిని ముందు పిలవాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక గోల. చర్చ జరిగే గది నిశ్శబ్దంగా ఉండదు. "మీ మాట మీ జట్టుకు వినపడాలి, పక్క జట్టుకు వినపడకూడదు" అని ముందే చెప్పండి. నేను చెయ్యి ఎత్తగానే చూసినవాళ్లు చెయ్యి ఎత్తి మాట ఆపాలన్నది మా తరగతి ఒప్పందం. అరవకుండానే పది సెకన్లలో గది సద్దుమణుగుతుంది. పక్క గది టీచర్‌కు, హెచ్‌ఎంకు ఈ పీరియడ్ ఇలా ఉంటుందని ముందురోజే చెప్పి ఉంచండి. వీలైతే హెచ్‌ఎంను వచ్చి ఒక జట్టులో కూర్చోమనండి.

మాట్లాడని పిల్లలు, మాట్లాడనివ్వని పిల్లలు

ఒకరే మాట్లాడేస్తుంటే చింతగింజలు వాడండి. మనిషికి మూడు గింజలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒక గింజ మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే అందరి గింజలూ అయ్యేదాకా వినాలి. 6, 7 తరగతుల పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది. పెద్ద తరగతుల్లో నాలుగైదుసార్లు చేశాక గింజలు అక్కర్లేదు, వంతు అలవాటవుతుంది. ఎక్కువ మాట్లాడే పిల్లవాడిని అందరిముందు "నువ్వు ఊరుకోరా" అనకండి. అతనికి "అది ఎలా తెలుసు?" అని అడిగే పని ఇవ్వండి, ఆ చురుకు అక్కడ పనికొస్తుంది.

మాట్లాడని పిల్లల విషయంలో తొందరపడవద్దు. కొందరు సహజంగానే తక్కువ మాట్లాడతారు, వాళ్లు రాసినదాంట్లో అంతా ఉంటుంది. కొందరికి నత్తి, కొందరికి నవ్వుతారనే భయం. ఇంకొందరికి తెలుగే రెండో భాష. తండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు, కోయ, గోండు పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు జట్టులో తమ భాషలో మాట్లాడుకుంటే అడ్డుపడకండి. ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలో రానివ్వండి, చెప్పేటప్పుడు జట్టు కలిసి తెలుగులోకి తెస్తుంది. ఇంగ్లిష్ మీడియం సెక్షన్లకూ ఇదే మాట. ఇంగ్లిష్‌లోనే చర్చించమంటే చర్చ ఉండదు, రెండు వాక్యాలు బట్టీపట్టి అప్పజెప్పడం మాత్రమే ఉంటుంది.

ఒక విషయంలో మాత్రం చూసీచూడనట్టు ఉండవద్దు. కాలనీ గురించి మాట్లాడుతూ ఎవరో కులం పేరుతో ఒక మాట తూలవచ్చు. "ఆడవాళ్లకు వ్యవసాయం ఎందుకు?" అని ఒకడు అనవచ్చు. వెంటనే చెయ్యి ఎత్తి అన్ని జట్లనూ ఆపండి. అన్న పిల్లవాడి పేరెత్తకుండా, మాటనే తీసుకుని, ఈ గదిలో ఎవరి పుట్టుకనూ తక్కువ చేసే మాట ఉండదని స్పష్టంగా చెప్పండి. పీరియడ్ అయ్యాక ఆ పిల్లవాడితో విడిగా మాట్లాడండి, మాట పడ్డ పిల్లలతో ఇంకా విడిగా, ఇంకా ఓపిగ్గా మాట్లాడండి. మనం ఊరుకుంటే ఆ పిల్లలు మళ్లీ ఎప్పటికీ జట్టులో నోరు తెరవరు.

జట్లు చెప్పడం

పది జట్లూ తలా రెండు నిమిషాలు చెబితే 20 నిమిషాలు పోతాయి, నాలుగో జట్టు నుంచి ఎవరూ వినరు. మీ నోట్‌బుక్ చూసి, వేర్వేరు నిర్ణయాలకు వచ్చిన మూడు జట్లను పిలవండి. చీటీ తీసి జట్టులో ఒకరిని నిలబెట్టండి. తడబడితే జట్టువాళ్లు అందించవచ్చు. ఆ మూడూ అయ్యాక "ఇక్కడ లేని నిర్ణయం ఎవరిదైనా ఉందా? ఇదే నిర్ణయానికి కొత్త కారణం ఎవరి దగ్గరైనా ఉందా?" అని మాత్రమే అడగండి.

బోర్డు మీద మూడు నిలువు గళ్లు గీయండి: నిర్ణయం, కారణం, దాని మీద అభ్యంతరం. పిల్లలన్న మాటల్లోనే రాయండి. "వెరీ గుడ్" అనడం ఇప్పుడు వద్దు. ఒక జట్టును మెచ్చుకోగానే టీచర్ మనసులో ఉన్న జవాబు అదేనని మిగతావాళ్లు అనుకుంటారు, మిగతా నిర్ణయాలు అక్కడితో చచ్చిపోతాయి. "ఇంకొకసారి చెప్పు, రాసుకుంటాను" అంటే చాలు, పిల్లలకు అంతకంటే మర్యాద లేదు.

టీచర్ ముడివేయడం

చర్చ పెట్టాక టీచర్ పాఠం చెప్పకూడదని కొందరు అనుకుంటారు. ఈ 7 నిమిషాలు చెప్పి తీరాలి. ఇప్పుడు పిల్లలకు తెలుసుకోవాలనే ఆకలి ఉంది. పదేళ్ల అనుభవంలో నేను బాగా చెప్పిన పాఠాలన్నీ ఈ 7 నిమిషాల్లో చెప్పినవే.

బోర్డు మీద ఉన్న పిల్లల మాటల పక్కనే పాఠంలోని పదాలు రాస్తూ వెళ్లండి. "వాళ్ల బోరు వేస్తే మా బోరు ఎండిపోద్ది" అని ఒక జట్టు అంది కదా, అక్కడ మొదలుపెట్టండి. తెలంగాణ, రాయలసీమల్లో చాలా భాగం కింద ఉన్నది గ్రానైట్ లాంటి గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే నిలుస్తాయి. ఒకే పగులులోంచి రెండు బోర్లు తోడితే లోతుగా ఉన్నదానికే నీళ్లు. పిల్లలకు ఇది ఇంట్లో విన్న మాటే, కారణం ఇప్పుడు తెలుస్తుంది. "చెరువు పూడిక తీయాలి" అన్న మాట పక్కన నీరు భూమిలోకి ఇంకడం గురించి, 2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మొదలైన మిషన్ కాకతీయ గురించి చెప్పండి. "ఎవరు పడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ బోరు వేయొచ్చా?" అన్న ప్రశ్న తప్పకుండా వచ్చి ఉంటుంది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, మంచినీటి వనరులను కాపాడటానికి బోర్ల మీద ఆంక్షలు పెట్టిందని అక్కడ చెప్పండి. బత్తాయి తోట మంచినీళ్ల బోరుకు దగ్గరగా ఉందని నాలుగో చీటీలో ఉన్న సంగతి ఎందుకు ముఖ్యమో అప్పుడు వాళ్లే చెబుతారు.

తప్పు సమాచారం ఏదైనా బోర్డు మీదికి వచ్చి ఉంటే ఈ సమయంలోనే సరిచేయండి. అభిప్రాయం వాళ్లిష్టం, లెక్క మాత్రం సరిగా ఉండాలి. ఎవరికి బోరు ఇవ్వాలన్నది మీరు తేల్చకండి. పిల్లలు అడుగుతారు, "టీచర్, మీరైతే ఎవరికి ఇస్తారు?" అని. ఇంటికెళ్లి అమ్మానాన్నలను అడిగి రమ్మనండి.

చివరి 3 నిమిషాలు, మార్కులు

ప్రతి ఒక్కరూ ఒక చిన్న కాగితం మీద మూడు విషయాలు రాసి ఇవ్వాలి: మొదట నేనేమనుకున్నాను, ఇప్పుడేమనుకుంటున్నాను, ఎవరి మాట వల్ల మారింది లేదా ఎందుకు మారలేదు. మారకపోవడం తప్పు కాదని ముందే చెప్పండి. మొదటి మూడు నిమిషాల్లో రాసుకున్న రఫ్ లైన్లతో పోల్చి చూస్తే ఏ పిల్లవాడు ఎంత దూరం వచ్చాడో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్యలో పిల్లల నేర్చుకోవడాన్ని అంచనా వేసేటప్పుడు, వాళ్ల భాగస్వామ్యానికి, ప్రతిస్పందనకు మార్కులు వేయాల్సి వచ్చినప్పుడు ఈ కాగితాలే ఆధారం. ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టి మార్కులు వేయకండి, అలా చేస్తే గొంతు పెద్దదైనవాళ్లకే మార్కులు పోతాయి. జట్టుకంతా కలిపి ఒకే మార్కు వేయడం కూడా నాకు న్యాయంగా అనిపించదు. జట్టుగా మాట్లాడనివ్వండి, మార్కు ఒక్కొక్కరి రాతకు వేయండి.

సిలబస్ సంగతి

"ఇలా చేస్తే సిలబస్ ఎప్పుడు అవుతుంది?" అనే టెన్షన్ నిజమైనదే, ముఖ్యంగా పదో తరగతికి. అందుకే 8, 9 తరగతుల్లో మొదలుపెట్టమంటాను. మొదటి వారమే చీటీలు, జట్లు అన్నీ పెట్టుకోకండి. ముందు రెండు వారాలు పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేసి పక్కనున్న ఒక్కరితో రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి, అంతే. తరవాత నలుగురితో పది నిమిషాలు. ఆ తరవాతే పీరియడ్ మొత్తం. మొదటిసారి పూర్తి పీరియడ్ నడిపినప్పుడు ముడివేయడానికి టైమ్ మిగలదు, దాదాపు అందరికీ అలాగే జరుగుతుంది. అలాంటప్పుడు బోర్డు తుడవనివ్వకండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మరుసటి రోజు మొదటి పది నిమిషాల్లో ముడివేయండి.

గంట కొట్టాక స్టాఫ్ రూమ్‌కు వెళ్తూనే రెండు లైన్లు రాసి పెట్టుకోండి: ఏ చీటీ పనిచేయలేదు, ఎవరు ఈరోజు మొదటిసారి మాట్లాడారు. మరుసటి రోజు తరగతిలోకి వెళ్లగానే ఆ పిల్ల చెప్పిన మాటను పేరుతో సహా గుర్తుచేసి, "నిన్న తను అడిగింది కదా, అక్కడి నుంచి మొదలుపెడదాం" అనండి. ఆ పిల్ల మొహం చూడండి.